కాలిన పుస్తకం ఎక్కడికి పోతుంది?

సంక్రాంతికి మా వూరు వెళ్ళినప్పుడల్లా మా మేనత్త ఒక ప్రస్తావన తెస్తుంది. ఆమె అది ఎత్తుకోగానే నేను వీధి అరుగు మీదికి జారుకుంటాను. ఆమె మాటలో కోపం వుండదు. అదే నాకు కష్టంగా వుంటుంది.

సంగతేమిటంటే, నాకు పన్నెండేళ్ళప్పుడు భోగినాడు తెల్లవారుజామున అటకమీది పాత సామానంతా దించి మంటలో వేస్తున్నాము. విరిగిన మంచపు కోళ్ళు, చెదలు తిన్న చేట, అడుగు వూడిన తట్ట, వాటితోపాటు ఒక గుడ్డమూట. విప్పి చూస్తే పసుపుపచ్చబడిన కాగితాలు. చెమ్మకు సిరా అలుక్కుపోయి వున్నది. ఒక పేజీ చదవబోయాను. అంతా గొలుసుకట్టు వ్రాత. విసుగు పుట్టి మూటతో సహా మంటలో పడేశాను. బాగా మండింది. పిల్లలందరం చప్పట్లు కొట్టాము.

పదేళ్ళు గడిచాయి. తెలుగు ఎం.ఏ.లో చేరి సెలవులకు ఇంటికి వచ్చాను. మా మేనత్త ఎంతో సంతోషించి, “ఒరేయ్, మీ తాతయ్య చాటుపద్యాల నోటుబుక్కు అటకమీద గుడ్డమూటలో వుండాలి. ఇన్నాళ్ళకు దానికి హక్కుదారు వచ్చాడు. తీసుకోరా” అన్నది. మా తాతయ్య ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. బదిలీ అయిన ప్రతి వూళ్ళోనూ పెద్దలను పట్టుకుని, వారి నోట నానుతున్న పద్యాలు చెప్పించుకుని వ్రాసుకునేవాడట. వాటిలో కొన్ని ఏ అచ్చు పుస్తకంలోనూ లేనివట. ఈ ‘అట’లన్నీ ఆ రోజే విన్నాను. మూట సంగతి చెప్పక తప్పలేదు.

ఇప్పుడు నేను కాలేజీలో తెలుగు పాఠం చెపుతున్నాను. తెలుగు చెప్పేవాడికి వున్న పుస్తకాలతో పాటు పోయిన పుస్తకాల జాబితా కూడా కంఠతా రావాలి. తిక్కన విజయసేనము పోయింది. ఎఱ్ఱన రామాయణం పోయింది. శ్రీనాథుని మరుత్తరాట్చరిత్ర పోయింది. లక్షణగ్రంథాలలో ఉదాహరణలుగా చిక్కుకున్న పద్యాలు తప్ప ఇటువంటి గ్రంథాలకు మిగిలింది పేరే. ఏటా ఈ జాబితా చదివేటప్పుడు చివర ఇంకొక పుస్తకం పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది.

మా స్టాఫు రూములో నా బల్లకు ఎదురుబల్ల ఫిజిక్సు మాస్టారిది. మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే ఆయనకు విశ్వరహస్యాలు గుర్తుకు వస్తాయి. ఒకనాడు ఎఱ్ఱన రామాయణం మాట వచ్చి, ఆ వూపులో భోగిమంట సంగతి కూడా బయటపెట్టేశాను. ఆయన ఆవకాయ ముద్ద కలుపుకుంటూ తాపీగా అన్నారు:

“మీ నోటుబుక్కు పోలేదండీ మాస్టారూ. ఫిజిక్సు ప్రకారం పోవడానికి వీల్లేదు.”

“పోకపోవడమేమిటండీ! నా చేత్తో నేనే వేశాను గదా!”

“కాగితం పోయింది. అందులోని సంగతి పోలేదు. సిరా వున్నచోట మంట ఒకరకంగా మండింది, లేనిచోట ఇంకొకరకంగా మండింది. ఆ తేడా పొగలో వున్నది, వేడిలో వున్నది, వెలుతురులో వున్నది, బూడిదలో వున్నది. అన్నిటినీ ఒక్క అణువు కూడా జారిపోకుండా పోగుచేసి, సినిమా రీలు వెనక్కు తిప్పినట్టు తిప్పితే మీ తాతగారి అక్షరాలు మళ్ళీ వస్తాయి.”

“ఎవరు పోగుచేస్తారు?”

“ఎవరూ చేయలేరు. చేయలేకపోవడం వేరు, లేకపోవడం వేరు.”

ఈ మాట నన్ను పట్టుకున్నది. ఆ భోగిమంట వెలుతురు బయలుదేరి ముప్పైనాలుగేళ్ళయింది. అభిజిత్ నక్షత్రం మనకు 25 కాంతి సంవత్సరాల దూరంలో వున్నది. అంటే మా వీధి చివర మంటలోనుంచి పైకి పోయిన వెలుతురు అంత దూరమూ దాటిపోయి ఇంకా పోతున్నదన్నమాట, పద్యాలు మోసుకుంటూ. ఈ ఓదార్పు నాకు బాగా నచ్చింది. అంతగా నచ్చింది గనుకనే అనుమానం వచ్చింది.

కొన్ని నెలలపాటు దొరికిన పుస్తకాలు చదివాను. ఫిజిక్సు మాస్టారిని మధ్యాహ్నం భోజనం చేయనివ్వలేదు. లెక్కలు నాకు రావు. పదో తరగతి తరువాత వాటి ముఖం చూడలేదు. అయినా ఒక సంగతి తెలిసింది. ఆయన అంత ధీమాగా చెప్పిన మాటమీద పెద్ద పెద్ద శాస్త్రజ్ఞుల మధ్యనే దాదాపు యాభై యేళ్ళుగా తగవు నడుస్తున్నది. ఆ తగవుకు రచ్చబండ కృష్ణబిలం.

తగవేమిటో చెప్పాలంటే నాకు తెలిసిన దారినే రావాలి. ‘విద్యార్థి’ని విడదీయమంటే విద్యా, అర్థి అని పిల్లలు చెపుతారు. ‘హిమాలయం’ అంటే హిమ, ఆలయం. ‘రామానుజుడు’ అంటే రామ, అనుజుడు. ‘విద్యాలయం’ అంటే విద్యా, ఆలయం. నాలుగుచోట్లా అతుకులో వినిపించేది ఒకే ‘ఆ’. ఒక్క ఆ అక్షరాన్నే చేతికిచ్చి, దీనికి ముందున్నది హ్రస్వమా దీర్ఘమా, వెనుకనున్నది హ్రస్వమా దీర్ఘమా అని అడిగితే పాణిని దిగివచ్చినా చెప్పలేడు. మనం విడదీయగలగడం నిఘంటువు పుణ్యం. మాటలు ముందే తెలుసు గనుక విడదీస్తున్నాము. సంధి జరిగినచోట మాత్రం సమాచారం మాసిపోయింది. నాలుగు వేర్వేరు మొదళ్ళు ఒకే చివరకు చేరాయి.

ప్రకృతి సవర్ణదీర్ఘసంధి చేయదు. ఫిజిక్సు మాస్టారు చెప్పిన సూత్రం ఇంతే. ఇవాళ రెండు స్థితులు వేర్వేరుగా వుంటే, రేపూ, కోటి యేళ్ళ తరువాతా కూడా అవి వేర్వేరుగానే వుంటాయి. తిక్కనను కాల్చిన బూడిద, చాకలి పద్దును కాల్చిన బూడిద మన కంటికి ఒకటే. ప్రకృతి లెక్కలో ఒకటి కాదు.

ఇక కృష్ణబిలం. ఏ వస్తువునైనా తగినంత చిన్నదిగా నొక్కితే దాని ఆకర్షణనుంచి వెలుతురు కూడా బయటపడలేదు. మన భూమి నంతటినీ అలా నొక్కాలంటే ఒక రేగుపండంత చేయాలి. భోగినాడు పిల్లల తలమీద పోస్తామే, ఆ రేగుపండంత. సూర్యుణ్ణయితే ఆరు కిలోమీటర్ల అడ్డుకొలత గల బంతి చేయాలి. ఐన్‌స్టయిన్ సమీకరణాలకు ఈ రకమైన పరిష్కారాన్ని కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ 1916లోనే అచ్చువేశాడు. 1930లో మన చంద్రశేఖర్ గారు, పందొమ్మిదేళ్ళ వయసులో, ఇంగ్లండు పోతున్న ఓడలో లెక్క కట్టి, చల్లారిన నక్షత్రం సూర్యుడికి సుమారు 1.4 రెట్లు బరువు దాటితే తెల్లమరుగుజ్జుగా నిలబడలేదని తేల్చారు. పెద్దలు నవ్వారు. ఆ నవ్విన సంగతి వేరే కథ. 2015 సెప్టెంబరులో రెండు కృష్ణబిలాలు ఢీకొన్న అలజడి భూమిమీది యంత్రాలకు అందింది. 2019 ఏప్రిల్‌లో ఒక కృష్ణబిలం నీడ ఫొటోయే పత్రికల్లో వచ్చింది. కనుక ఇవి వున్నాయా లేవా అన్న వాదం ఇప్పుడు లేదు.

కృష్ణబిలంలో పడ్డది పైకి రాదు సరే. పడ్డదేమిటో పైనుంచి తెలుస్తుందా? తెలియదు. బిలం బరువెంత, ఎంత వేగంగా గిరగిర తిరుగుతున్నది, విద్యుదావేశం ఎంత—ఈ మూడు తప్ప బయటివాడికి మరేమీ కనబడవు. కృష్ణబిలానికి జుట్టు లేదని అమెరికన్ శాస్త్రజ్ఞుడు జాన్ వీలర్ చమత్కరించాడు. నున్నని గుండు చూసి ఆ మనిషిది ఉంగరాల జుట్టా, నిలువు జుట్టా అంటే ఏమి చెపుతాము? నన్నయ భారతం పడేసినా, అంతే బరువు చాకలి పద్దు పడేసినా బిలం ఒక్కలాగే వుంటుంది.

దీనివల్ల కూడా ఎవరికీ నిద్ర పట్టకపోవలసిన అవసరం లేదు. ఇనప్పెట్టెలో పెట్టి తాళంచెవి బావిలో పారేశామనుకోండి. నగ కనబడదు గాని పెట్టెలో వుండనే వున్నది గదా. అలాగే సరిపెట్టుకున్నారు. 1974లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ ఆ ఇనప్పెట్టె కరిగిపోతుందని చూపించాడు.

క్వాంటం సిద్ధాంతం ప్రకారం శూన్యం నిజంగా శూన్యం కాదు. అందులో జంటలు జంటలుగా సూక్ష్మమైన అలజడి వుంటుంది. బిలం గడప దగ్గర ఆ జంటలో ఒకటి లోపలికి పడి, రెండోది బయటికి తప్పించుకుపోతుంది. దూరంనుంచి చూసేవాడికి బిలం సన్నగా వెచ్చగా వెలుగుతున్నట్టు వుంటుంది. ఆ వెచ్చదనం ఎంతంటే, సూర్యుడంత బరువున్న బిలానికి డిగ్రీలో కోటోవంతు కూడా లేదు. అది పూర్తిగా ఆవిరి కావడానికి ఒకటి పక్కన 67 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు పడుతుంది. విశ్వం పుట్టి 1380 కోట్ల యేళ్ళే అయింది. కనుక తొందరేమీ లేదు. గాని తొందర లేకపోవడం తగవుకు అడ్డం కాదు. తెలుగు పండితులకు ఈ సంగతి బాగా తెలుసు.

తగవేమిటంటే, బయటికి వచ్చే ఆ వెచ్చదనంలో పడినవాటి ఆనవాలేదీ లేదు. హాకింగ్ లెక్కలో అది బిలం బరువు, తిరుగుడు, ఆవేశాలమీద మాత్రమే ఆధారపడుతుంది. బిలం కరిగి కరిగి మాయమైతే లోపలున్న జంట భాగాలు కూడా మాయమవుతాయి. పద్యంలో మొదటి రెండు పాదాలు మీ దగ్గర వుండి, తరువాతి రెండు పాదాలు వున్న తాటాకు చెదలు తిన్నట్టు. అన్వయం ఎక్కడ వున్నదో అది పోయింది. ఇది లోపలెక్కడో దాగి వుండడం కాదు, నిజంగా పోవడమే. 1976లో హాకింగ్ ఈ మాట నిర్మొహమాటంగా అచ్చువేశాడు. ప్రకృతి సవర్ణదీర్ఘసంధి చేస్తుందన్నాడన్నమాట.

1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆసామి మేడమీది అటకగదిలో చిన్న సమావేశం జరిగింది. (అటక అనగానే నా గుండె గతుక్కుమన్నది.) అక్కడ హాకింగ్ వాదం విన్నవారిలో లెనార్డ్ సస్కిండ్, హాలండు దేశస్థుడు టి హూఫ్ట్ వున్నారు. ఇద్దరికీ అది మింగుడుపడలేదు. పడక, ఆ తరువాత ఏళ్ళ తరబడి దానితోనే కుస్తీ పట్టారు. 1984లో సస్కిండ్ మరి ఇద్దరితో కలిసి ఒక గట్టి అభ్యంతరం తెచ్చాడు. ప్రకృతికి మతిమరుపు వుంటే ఆ మరుపు వట్టినే పోదు, దానితో పాటు ఉత్తపుణ్యానికి వేడి పుడుతుంది, విశ్వమంతా పొయ్యిమీద పాలలాగా కాగిపోవాలి అన్నారు. 1995లో అన్రూ, వాల్డ్ అనే ఇద్దరు ఈ అభ్యంతరానికి జవాబిచ్చారు. మరుపును తగినట్టు అమరిస్తే ఆ వేడి కంటికి ఆననంత తక్కువగా వుండవచ్చునన్నారు.

1997లో పందెం పడింది. సమాచారం పోతుందని హాకింగ్, కిప్ థార్న్. పోదని జాన్ ప్రెస్కిల్. ఓడినవారు గెలిచినవారికి కోరిన విజ్ఞానసర్వస్వం ఒకటి కొనివ్వాలి. 2004లో డబ్లిన్ నగరంలో జరిగిన మహాసభలో హాకింగ్ లేచి తాను ఓడిపోయానని ఒప్పుకుని ప్రెస్కిల్‌కు బేస్‌బాల్ ఆటమీది విజ్ఞానసర్వస్వం బహూకరించాడు. థార్న్ మాత్రం ఆ రోజు ఒప్పుకోలేదు. పుస్తకానికి బదులు బూడిద ఇచ్చి వుంటే సరిపోయేదేమో అని హాకింగ్ తరువాత హాస్యమాడాడు. నోరారా నవ్వలేకపోయాను.

హాకింగ్ 2018లో పోయాడు. ఆ మరుసటి యేడు పెనింగ్టన్ అనే యువకుడొకరూ, ఇంకొక నలుగురి జట్టూ విడివిడిగా కొత్త లెక్కలు కట్టారు. బిలం సగం దాకా కరిగేవరకు బయటికి ఏమీ తెలియదు, ఆ తరువాత సమాచారం మెల్లమెల్లగా వస్తుంది అని డాన్ పేజ్ 1993లోనే వేసిన అంచనా ఒకటున్నది. కొత్త లెక్కలు దానికి సరిపోయాయి. ఎంత సమాచారం వస్తుందో తేలింది గాని, ఏ రూపంలో వస్తుందో తేలలేదు. జమాఖర్చు సరిపోయింది, రొక్కం ఏ సంచిలో వున్నదో తెలియదు. అయినా ఈ శాస్త్రంలో ఎక్కువమంది మొగ్గు ఇప్పుడు పోదనే వైపే.

అయితే నేను ఇక్కడితో నిశ్చింతగా నిద్రపోవచ్చు గదా! పోలేకపోయాను. కారణం, చదువుతూ వుంటే క్వాంటం సూత్రాలు రెండని తెలిసింది.

మొదటిది 1926లో ష్రోడింగర్ ఇచ్చినది. కణాన్ని ఒక అల వర్ణిస్తుంది, ఆ అల నిదానంగా నడుస్తుంది. దాన్ని ముందుకూ నడపవచ్చు, వెనక్కూ నడపవచ్చు. దీనిలో మరుపు లేదు. రెండోది కొలతకు సంబంధించినది. ఒక ఎలక్ట్రాను సగం ఇక్కడ, సగం అక్కడ వున్నట్టు అల చెపుతుంది. మీరు వెళ్ళి చూస్తారు. చూడగానే అది ఇక్కడే వుంటుంది. అక్కడి అల చటుక్కున మాయం. ఈ రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి తేటగా వ్రాసినవాడు ఫాన్ నోయ్‌మన్, 1932లో. చూసిన తరువాత ఎలక్ట్రాను ఇక్కడ వున్నది. ముందు సగం సగం వుండేదా, లేక ముప్పాతిక ఇక్కడ, పాతిక అక్కడ వుండేదా? ఇప్పుడు చెప్పలేము. రెండు మొదళ్ళు, ఒకే చివర.

మర్నాడు క్యారేజీ విప్పకముందే పట్టుకున్నాను. “మాస్టారూ, మీ సూత్రాల పుస్తకంలోనే సవర్ణదీర్ఘం వున్నదే! మరి ఆ రోజు ప్రకృతికి మరుపు లేదన్నారు?”

“అది కొలిచినప్పుడు మాత్రమేనండీ.”

“కొలవడమంటే ఏమిటి? మనిషి చూడాలా? పిల్లి చూస్తే చాలదా? భోగిమంట దగ్గర మేమందరం చూశాము గదా?”

ఆయన చాలాసేపు మజ్జిగ కలిపారు. “అక్కడేనండీ గొడవంతా,” అన్నారు చివరికి.

ఆ గొడవకు విరుగుడుగా బయలుదేరినవే క్వాంటం సిద్ధాంతపు వేరు పాఠాలు. పాఠభేదాలు నా వృత్తి గనుక నాకు ప్రాణం లేచివచ్చింది. తమాషా యేమిటంటే, నా నోటుబుక్కు ఏమయిందో ఒక్కొక్క పాఠం ఒక్కొక్క రకంగా చెపుతుంది.

1957లో హ్యూ ఎవరెట్ అనే విద్యార్థి, వీలర్ గారి శిష్యుడే, రెండో సూత్రాన్ని కొట్టిపారేశాడు. అల ఎప్పుడూ ముడుచుకుపోదు. ఎలక్ట్రాను ఇక్కడ వున్నట్టు చూసిన మీరు ఒక కొమ్మ. అక్కడ వున్నట్టు చూసిన మీరు ఇంకొక కొమ్మ. చెట్టు మొత్తం మీద ఒక ఆకు కూడా రాలదు. ఈ పాఠం నమ్మినవాడికి మరుపన్నదే అసలు పొసగదు గనుక, హాకింగ్ మొదటి మాట పెద్ద తలనొప్పే. ఎవరెట్ మాటను ఆ రోజుల్లో పట్టించుకున్నవారు తక్కువ. అతను భౌతికశాస్త్రమే వదిలి అమెరికా సైన్యానికి లెక్కలు కట్టే ఉద్యోగంలోకి పోయాడు. 1982లో చనిపోతూ తన అస్థికలు చెత్తబుట్టలో పారేయమన్నాడట. భార్య కొన్నాళ్ళు దాచి, చివరికి అలాగే చేసిందట. ఇక నా సంగతి. ఏదో ఒక కొమ్మలో ఆ పన్నెండేళ్ళ కుర్రవాడు గొలుసుకట్టు చదవగలిగాడేమో. అయితే యేమి? ఆ కొమ్మ పండు ఈ కొమ్మమీది చేతికి అందదు.

రెండో పాఠం డేవిడ్ బోమ్‌ది, 1952 నాటిది. కణం ఎప్పుడూ ఒకేచోట వుంటుంది. అల దానికి దారి చూపుతుంది, ఏటి వాలు పడవకు చూపినట్టు. యాదృచ్ఛికం ఏమీ లేదు, అంతా ముందే నిర్ణయమై వున్నది. కాని ఆ పడవ కచ్చితంగా ఎక్కడ వున్నదో తెలుసుకునే భాగ్యం మనకు లేదు. అక్షరం వున్నది, చదవడం రాదు. గొలుసుకట్టు! ఈ బోమ్ తన రాజకీయాభిప్రాయాల మూలంగా అమెరికాలో ఉద్యోగం పోగొట్టుకుని బ్రెజిల్, ఇజ్రాయెల్ తిరిగి చివరికి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. అక్కడ 1961లో పరిచయమైన జిడ్డు కృష్ణమూర్తి గారితో రెండు దశాబ్దాలకు పైగా సంభాషణలు సాగించాడు. మదనపల్లెలో పుట్టిన మన కృష్ణమూర్తి గారే. గతం నుంచి, జ్ఞాపకం నుంచి విడుదల కావడం గురించి చెప్పే ఆయనతో, ప్రకృతి దేన్నీ పోగొట్టుకోని సిద్ధాంతం వ్రాసిన ఈయన గంటల తరబడి మాట్లాడడం నాకెందుకో ముచ్చటగా వుంటుంది.

మూడోదే నన్ను కలవరపెట్టింది. 1986లో గిరార్డి, రిమిని, వెబర్ అనే ముగ్గురు ఇటలీవారు, అల నిజంగానే ముడుచుకుపోతుందనీ, చూసేవాడితో నిమిత్తం లేకుండా తనంత తానే ముడుచుకుపోతుందనీ ప్రతిపాదించారు. ఒక్కొక్క కణానికి సుమారు 30 కోట్ల యేళ్ళకొకసారి. ఒక్క కణం విషయంలో అది లేనట్టే లెక్క. కాని చిన్న కాగితం ముక్కలో కూడా లెక్కకు మించిన కణాలు వుంటాయి గనుక ఎక్కడో అక్కడ క్షణక్షణమూ జరుగుతూనే వుంటుంది. అంటే ప్రకృతికి మతిమరుపు అప్పుడప్పుడు వచ్చే జబ్బు కాదు, అలవాటు. కృష్ణబిలం ఒక్కటే దొంగ కాదు. దొంగ ప్రతి ఇంట్లోనూ వున్నాడు.

ఈ పాఠం పట్టుకున్నవారికి కృష్ణబిలం సమస్య సమస్యే కాదు. మెక్సికోలో డేనియల్ సుదార్స్కీ, ఎలియాస్ ఓకాన్ ఈ మాటే అంటారు. సుజయ్ మోదక్ అనే భారతీయుడు కూడా వున్న సుదార్స్కీ బృందం 2015లో లెక్కే చేసి చూపించింది. ఆకర్షణ వంపు బలంగా వున్నచోట అల మరింత త్వరత్వరగా ముడుచుకుపోతుందనుకుంటే, బిలం లోపల సమాచారం సహజంగానే చెరిగిపోతుంది. ఇందులో వైపరీత్యమేమిటి అని వారి ప్రశ్న. రోజర్ పెన్‌రోజ్ అయితే 1989 నాటి తన పుస్తకంలోనే, బిలాలలో పోయేదానికీ, అల ముడుచుకుపోవడంలో కొత్తగా వచ్చేదానికీ చెల్లుకు చెల్లు అన్నట్టు వాదించాడు.

తీర్పు చెప్పవలసింది ఎవరు? కృష్ణబిలం కరిగేదాకా కూర్చోలేము. అయితే మరుపుకు వేడి తోడు అన్నారు చూడండి, ఆ మాట ఇక్కడ అక్కరకు వచ్చింది. అలలు తమంత తాము ముడుచుకుపోతూ వుంటే కణాలకు చిన్న చిన్న కుదుపులు తగలాలి. కుదుపు తగిలితే అతి సన్నని వికిరణం వెలువడాలి. ఇటలీలో గ్రాన్ సాసో అనే కొండ కింద, ఆకాశంనుంచి వచ్చే రొద చొరకుండా సుమారు 1400 మీటర్ల రాతి కప్పు కింద, శాస్త్రజ్ఞులు ఆ వికిరణంకోసం కనిపెట్టుకుని కూర్చున్నారు. ఆకర్షణవల్లనే అల ముడుచుకుపోతుందనే డియోసీ, పెన్‌రోజ్‌ల ఆలోచన వున్నది గదా; దాని అన్నిటికన్నా సాదా రూపం చెప్పినంత వికిరణం అక్కడ కనిపించలేదని 2020లో ప్రకటించారు. ఆ ఒక్క రూపం కొట్టుకుపోయింది. ముగ్గురు ఇటలీవారి పాఠం గాని, తక్కినవి గాని ఇంకా నిలిచే వున్నాయి. కొండ కింద వెతుకులాట ఆగలేదు.

“మీరు ఏ పాఠం పుచ్చుకుంటారు?” అని ఫిజిక్సు మాస్టారు ఒకనాడు నన్నే అడిగారు. పరిష్కర్త రెండు పాఠాలలో తనకు కష్టం కలిగించే పాఠాన్నే ముందు అనుమానం లేకుండా చూడాలని మా విద్యలో ఒక మర్యాద వున్నది. మూడోదన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పి, “నాకు మొదటినుంచీ మీ తాతగారి పక్షమే. పోదండీ,” అన్నారు. ఆయన మంచితనానికి ఫిజిక్సులో ఏ సూత్రం వర్తిస్తుందో నాకు తెలియదు.

మొన్న సంక్రాంతికి వూరు వెళ్ళాను. మా మేనత్తకు ఎనభై దాటాయి. ఈసారి ప్రస్తావన రాగానే అరుగుమీదికి పోకుండా ఆమె మంచం పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. పొగ, బూడిద, అభిజిత్ నక్షత్రం, అన్నీ చెప్పాను. సమాచారం పోలేదని చాలామంది పెద్దలు అంటున్నారని కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, “అయితే చదివి వినిపించరా,” అన్నది.

నేను మాట్లాడలేదు. కాసేపటికి ఆమే, మీ తాతయ్య రోజూ పొద్దున్నే ఒకటి చదివేవాడంటూ గొంతు సవరించుకుని ఒక పద్యం ఎత్తుకున్నది. జేబులో కాలేజీ డైరీ వున్నది. గబగబా తీసి వ్రాసుకున్నాను. రెండు పాదాలు వచ్చాయి. ఉత్పలమాల. యతి చక్కగా సరిపోయింది. మూడో పాదం మొదటి గణం దగ్గర ఆగిపోయింది. కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నది, మళ్ళీ అక్కడే ఆగింది.

“లేదురా. మంట దగ్గర నువ్వు చప్పట్లు కొట్టడం మాత్రం బాగా గుర్తున్నది,” అన్నది.